గరీబ్‌పేట ఎరుపు, ఖమ్మం నలుపు

గోల్కొండ వజ్రాల కథ తెలుగువాళ్ళకు కొట్టిన పిండి. కొల్లూరు గనులు, కోహినూరు, టావెర్నియే రాతలు అందరికీ నోటికి వచ్చినవే. కొత్తగూడెం, పాల్వంచల దగ్గరున్న గరీబ్‌పేట గుట్టకు ఆ అదృష్టం పట్టలేదు. అక్కడ దొరికేది గార్నెట్. ముదురు ఎరుపులో కాస్త ఊదా కలిసిన రాయి. గుట్ట చుట్టూ మట్టిలో, వానకు కొట్టుకొచ్చిన ఇసుకలో అరిగిన గింజల్లా దొరుకుతుంది. కోహినూరు పేరు లోకానికి తెలియడానికి వెయ్యేళ్ళకు ముందే ఈ ఎర్రరాయి మన అడవి అంచు దాటి సముద్రం దాకా వెళ్ళింది.

ఇది ఊరి గొప్ప కోసం చెప్పుకునే మాట కాదు. కార్ల్ ష్మెట్జర్, ఆల్బర్ట్ గిల్గ్, జయశ్రీ పంజీకర్ తదితరులు 2017లో 'జర్నల్ ఆఫ్ జెమాలజీ'లో ఒక పరిశోధన ప్రచురించారు. పుదుచ్చేరి పక్కన అరికమేడులో దొరికిన గార్నెట్ పూసల్నీ ముడిరాళ్ళనీ తీసుకుని, గరీబ్‌పేట రాళ్ళతో పోల్చి చూశారు. రసాయన కూర్పు కలిసింది. అంతకంటే గట్టి గుర్తు రాతి లోపల ఉంది. గరీబ్‌పేట గార్నెట్ మధ్యభాగంలో సిల్లిమనైట్ అనే ఖనిజం సన్నటి పోగులు గుంపుగా ఉంటాయి. అంచుకు వచ్చేసరికి రాయి తేటగా ఉంటుంది. అరికమేడు రాళ్ళలోనూ అదే అమరిక కనిపించింది. అరికమేడు రోమన్లతో వ్యాపారం చేసిన రేవు, పూసల తయారీకి పేరుపడ్డ ఊరు. 1945లో మార్టిమర్ వీలర్ అక్కడ తవ్వకాలు జరిపాడు. గరీబ్‌పేట నుంచి అది 600 కిలోమీటర్లకు పైగా దక్షిణాన ఉంది. ఎడ్లబండో, పడవో, మనిషి నెత్తిమీది మూటో, ఈ గుట్ట రాయి అంత దూరం వెళ్ళిందంటే దానికి గిరాకీ ఏ స్థాయిలో ఉండేదో ఊహించుకోవచ్చు.

ముడిరాయికి మాత్రం ఎవరూ అంత ధర పెట్టరు. చేతిలోకి తీసుకుంటే గరీబ్‌పేట గార్నెట్ దాదాపు నల్లగా, మసకగా ఉంటుంది. ఎండకు ఎత్తిపట్టినా అంచుల్లోనే ఎరుపు తొంగిచూస్తుంది. ఆ ఎరుపును బయటికి తెచ్చేది సానబట్టే మనిషి. ఈ వ్యాసం ఆ పని గురించి. ఖమ్మం నుంచి భద్రాచలం దాకా ఉన్న ఈ నేలకు ఒక అరుదైన వరం ఉంది. మెరుగు పెట్టించుకునే రాయీ, మెరుగు పెట్టే రాయీ రెండూ ఇక్కడే పుట్టాయి. గార్నెట్ గరీబ్‌పేటలో ఉంటే, కురువిందం (కోరండం) నిల్వలు ఇదే పాత ఖమ్మం జిల్లాలో ఉన్నాయి.

కురువిందం విలువ తెలియాలంటే కాఠిన్యం లెక్క చూడాలి. ఫ్రెడరిక్ మోస్ 1812లో వేసిన పట్టికలో వజ్రానికి 10, కురువిందానికి 9, ఇసుకలో ఉండే క్వార్ట్జ్‌కు 7. గార్నెట్ ఏడుకూ ఏడున్నరకూ మధ్య ఉంటుంది. అంటే వాగు ఇసుకతో గార్నెట్‌ను ఎంత రుద్దినా పని దాదాపు ముందుకు సాగదు. దానికంటే గట్టి పొడి కావాలి. కెంపూ నీలమూ కూడా కురువిందం జాతివే. రంగూ తేటదనమూ లేని మామూలు కురువిందం బూడిద రంగులో, గోధుమ రంగులో ఉంటుంది. చూడ్డానికి ఏ అందమూ లేని ఆ రాయి దంచి పొడి చేస్తే వజ్రాన్ని తప్ప తక్కిన అన్ని రత్నాలనూ అరగదీస్తుంది.

మన సానపట్టేవాళ్ళు ఆ పొడితో చక్రం ఎలా చేసేవాళ్ళో 19వ శతాబ్దంలో ఐరోపావాళ్ళు చూసి రాసిపెట్టారు. చదువుతుంటే నాకు ఆ పనివాళ్ళ తెలివి మీద గౌరవం రెట్టింపైంది. ముందు కురువిందాన్ని ఇనుప రోట్లో దంచి జల్లెడ పడతారు. మట్టి పాత్రలో వేసి సెగ మీద పెడతారు. పొడి బాగా కాలాక అందులో లక్క వేస్తారు. ఏటికొప్పాక బొమ్మల మీద రంగు పట్టించే లక్కే ఇది. మోదుగ, రేగు కొమ్మల మీద లక్క పురుగు పెట్టే అడవి సరుకు. లక్క కరిగి పొడిని పట్టుకోగానే ముద్దను నున్నటి బండ మీదికి తీసి, రోకలితో బాదుతూ, పూరీ పిండిలా మళ్ళీమళ్ళీ మర్దిస్తారు. చల్లారితే తిరిగి వేడి చేస్తారు. లోపల గాలి బుడగ మిగలకూడదు, పొడి ఒకచోట గుంపుగా, ఒకచోట పలచగా ఉండకూడదు. అందుకే అంత మర్దన. ఆఖరికి బిళ్ళలా అదిమి, కాల్చిన ఇనుప చువ్వతో మధ్యలో బెజ్జం వేస్తారు.

ఆ చక్రాన్ని ఇరుసుకు బిగించి రెండు గుంజల మధ్య అడ్డంగా నిలబెడతారు. ఇరుసుకు తాడు చుట్టి విల్లుతో ముందుకూ వెనక్కూ లాగితే చక్రం ఇటూ అటూ తిరుగుతుంది. పనివాడు గొంతుక్కూర్చుని ఒక చేత్తో విల్లు లాగుతాడు, రెండో చేత్తో రాయిని చక్రానికి ఆనిస్తాడు. మధ్యమధ్య నీళ్ళు చిలకరిస్తాడు. నీళ్ళు లేకపోతే రాపిడి వేడికి లక్క మెత్తబడి పొడిని వదిలేస్తుంది.

లక్క ఎంపిక ఊరికే జరిగింది కాదు. చక్రం పనిచేస్తున్నకొద్దీ పైనున్న కురువిందం గింజలు మొద్దుబారతాయి. మొద్దుబారిన గింజ ఊడిపోతే కింద కొత్త గింజ పదునైన అంచుతో పైకి వస్తుంది. పట్టు మరీ గట్టిదైతే మొద్దు గింజలు ఊడక చక్రం జారుతుంది, మరీ మెత్తనిదైతే చక్రం నాలుగు రోజుల్లో అరిగిపోతుంది. ఈనాటి ఫ్యాక్టరీ గ్రైండింగ్ వీల్ మీద ఈ పట్టు గట్టిదనాన్ని ఒక అక్షరంతో అచ్చు వేస్తారు. అడవి అంచున కూర్చున్న పనివాడు అదే సంగతిని లక్క పాళ్ళు పెంచీ తగ్గించీ సాధించుకున్నాడు. అరిగిపోయిన చక్రాన్ని పారేసే పని కూడా లేదు. కరిగించి, కొత్త పొడి కలిపి మళ్ళీ చేసుకోవచ్చు.

అసలు విద్య పొడిని వేరు చేయడంలో ఉంది. ముతక పొడితో రాయికి రూపం వస్తుంది, కానీ ఒళ్ళంతా గీతలు పడతాయి. ఆ గీతల్ని చెరపాలంటే వాటికంటే సన్న గీతలు గీయాలి, ఆ తర్వాత ఇంకా సన్నవి. కంటికి కనిపించనంత సన్నబడితే దాన్నే మనం మెరుపు అంటాం. మొదటి రెండు మూడు రకాల పొడిని జల్లెడ తేలుస్తుంది. ఆపైన ఏ గుడ్డకూ అంత సన్న కన్ను ఉండదు, పని నీళ్ళకు అప్పగించాలి. పొడిని నీళ్ళలో కలియబెట్టి కాసేపు ఆగితే బరువైన గింజలు అడుగుకు చేరతాయి. పై నీళ్ళను ఇంకో కుండలోకి వంచి ఇంకాసేపు ఆగితే సన్నవి దిగుతాయి. ఆ పై నీళ్ళను మళ్ళీ వంచి రాత్రంతా వదిలేస్తే అడుగున పేరుకునే మడ్డి చివరి మెరుగుకు పనికొస్తుంది. ఒక్క ముతక గింజ ఆ ఆఖరి కుండలోకి వచ్చి పడితే రోజంతా చేసిన పని పాడవుతుంది. అందుకని ఒక పొడి వాడిన చేతులు కడుక్కోకుండా ఇంకో పొడి ముట్టుకోకూడదు. ఈ నియమానికి నేటికీ మినహాయింపు లేదు.

గార్నెట్ పూసకు మెరుగు పెట్టడం ఒక ఎత్తయితే దానికి బెజ్జం వేయడం ఇంకో ఎత్తు. అరికమేడు పూసల బెజ్జాల లోపలి గోడలను సూక్ష్మదర్శినిలో పరీక్షించినవాళ్ళు అక్కడ వజ్రపు ముక్కలు పొదిగిన మొన వాడారని తేల్చారు. వెంట్రుకవాసి బెజ్జంలో, విల్లుతో తిప్పే మొనకు వజ్రపు పలుకు అతికించి పూస మధ్యకు సరిగ్గా దించాలి. రెండు వైపుల నుంచీ తొలిస్తే మధ్యలో కలవాలి. రెండు వేల ఏళ్ళ కిందటి పని ఇది.

ఐరోపా పనివాళ్ళు ఇంకో దారి పట్టారు. గరీబ్‌పేట రాయి లాంటి ఆల్మండైన్ జాతి గార్నెట్ మందంగా ఉంటే నల్లబడుతుంది కాబట్టి దాన్ని పలచటి బిళ్ళలుగా కోసి, రెండు వైపులా నునుపు చేసి, బంగారు గూళ్ళలో పొదిగారు. ప్రతి బిళ్ళ కింద గళ్ళు అచ్చొత్తిన బంగారు రేకు పెట్టారు. లోపలికి వెళ్ళిన వెలుగు రేకు మీద పడి ఎర్రగా తిరిగి వస్తుంది. ఫ్రాంకుల రాజు చిల్డరిక్ 5వ శతాబ్దం చివర చనిపోతే అతని సమాధిలో ఇలాంటి నగలే పెట్టారు. అవి 1653లో బెల్జియంలోని టూర్నేలో బయటపడ్డాయి. ఆ కాలపు నగల్లోని గార్నెట్లను ప్యారిస్‌లో లూవ్ర్ మ్యూజియం ప్రయోగశాల పరీక్షించినప్పుడు వాటిలో చాలా భాగం భారతదేశం రాళ్ళేనని తేలింది. ఇన్ని తెలిశాక కూడా గరీబ్‌పేటను మనం కేవలం గుట్టగా చూడటం అన్యాయం అనిపిస్తుంది.

19వ శతాబ్దం మొదట్లో గరీబ్‌పేట మీద కన్నేసిన కొద్దిమందిలో హెన్రీ వోయ్‌సీ ఒకడు. దేశాన్ని కొలిచిన లాంబ్టన్ సర్వే బృందంలో వైద్యుడిగా, భూగర్భ పరిశీలకుడిగా నిజాం రాజ్యమంతా తిరిగాడు. 1824లో చనిపోయేలోగా ఈ గార్నెట్ల గురించి రాశాడు. అంతకు చాలా ముందే, 17వ శతాబ్దంలో, ఇదే పాల్వంచ పరగణాకు నేలకొండపల్లి కంచర్ల గోపన్న తహశీల్దారుగా పనిచేశాడు. భద్రాచలం రాముడికి ఆయన చేయించిన నగలు మనకు తెలుసు. ఆయన ఏలుబడిలోని నేలలో ఉన్న ఎర్రరాయి మాత్రం మన కథల్లోకి రాలేదు.

రత్నాల నుంచి బండల దగ్గరకు వస్తే పని సూత్రం మారదు, కొలత మారుతుంది. భద్రాచలం అడవులకు ఎగువన ములుగు దాటి పాలంపేటలో 1213 నాటి రామప్ప గుడి ఉంది. రేచర్ల రుద్రుడు కట్టించిన ఆ గుడికి యునెస్కో 2021లో ప్రపంచ వారసత్వ హోదా ఇచ్చింది. ఎర్ర ఇసుకరాతి గోడలకు ఆనించిన నల్లరాతి మదనికల మీద చెయ్యి పెడితే ఎనిమిది వందల ఏళ్ళ వానకూ ఎండకూ పోని నునుపు తగులుతుంది. ఆ నల్లరాయిలోని ఖనిజాలన్నీ ఇంచుమించు ఒకే గట్టిదనంతో ఉంటాయి, అందుకే అద్దంలా నునుపెక్కుతుంది. మామూలు గ్రానైట్‌లో క్వార్ట్జ్ గట్టిది, అభ్రకం మెత్తనిది. రుద్దుతుంటే అభ్రకం రేకు లేచిపోయి చిన్న గుంట పడుతుంది. ఆ తేడా తెలిసి ఎక్కడ ఏ రాయి పెట్టాలో నిర్ణయించిన శిల్పుల్ని తలచుకోకుండా ఉండలేం.

ఊళ్ళలో ఈ విద్య సానపట్టేవాడి రూపంలో బతికింది. కొడవళ్ళు కోతకు దిగే ముందు సైకిల్ వెనక చక్రానికి బెల్టు వేసి, సీటు ముందు సాన తిప్పుతూ వీధులు తిరిగేవాళ్ళు. గోదావరి లోయలో పుష్కలంగా ఉన్న ఇసుకరాయి గొడ్డలికీ కత్తికీ ఇంటి దగ్గరే పదును పెట్టుకోవడానికి సరిపోతుంది. ఇనుముకు అది చాలు.

గట్టి రాతిని యంత్రంతో మెరిపించే పని ఈ కాలపు రూపంలో స్కాట్లాండ్‌లోని అబెర్డీన్‌లో మొదలైంది. అలెగ్జాండర్ మెక్‌డొనాల్డ్ అనే రాతిపనివాడు బ్రిటిష్ మ్యూజియంలో ఈజిప్టు గ్రానైట్ శిల్పాల నునుపు చూసి, 1830ల నాటికి ఆవిరి యంత్రంతో గ్రానైట్ కోసి మెరుగు పెట్టడం సాధించాడు. తర్వాత పొడవాటి చెయ్యి చివర గిర్రున తిరిగే పళ్ళెం ఉన్న యంత్రం వచ్చింది. అది చేసే సన్నటి రొద విని, అప్పట్లో పేరు మోగిన గాయని జెన్నీ లిండ్ పేరే దానికి పెట్టారు. ఇంకో మలుపు 1891లో. అమెరికాలో ఎడ్వర్డ్ అచెసన్ బంకమట్టినీ కోక్ బొగ్గునూ విద్యుత్ కొలిమిలో కాల్చి సిలికాన్ కార్బైడ్ తయారు చేశాడు. దాని గట్టిదనం కురువిందాన్ని మించింది. మద్రాసులో 1954లో కార్బొరండం యూనివర్సల్ కంపెనీ పెట్టాక ఆ సరుకు మన దేశంలోనే తయారుకావడం మొదలైంది. కొలిమిలో పుట్టిన రాయి రాగానే గనిలో పుట్టిన కురువిందానికి గిరాకీ పడిపోయింది. సానపట్టేవాడు తన చక్రం తానే చేసుకునే అలవాటు కూడా దాంతోపాటే పోయింది.

ఇప్పుడు ఖమ్మం. ఖమ్మం రూరల్, ముదిగొండ వైపు గ్రానైట్ కోసే, మెరుగుపెట్టే యూనిట్లు బారులు తీరి ఉంటాయి. 'ఖమ్మం బ్లాక్' అని మార్కెట్లో పేరున్న నల్లరాయి సమాధి రాళ్ళకూ వంటింటి గట్లకూ వెళ్తుంది. పెద్ద యూనిట్లలో లైన్ పాలిషర్లు ఉంటాయి. స్లాబు ఒక వైపు నుంచి లోపలికి వెళ్ళి వరసగా ఉన్న తలల కింద నుంచి మెరుస్తూ బయటికి వస్తుంది. చిన్న షెడ్లలో పని జరిగేది హ్యాండ్ పాలిషర్ మీదనే. నాకు ఆసక్తి ఆ యంత్రం మీద.

చూడ్డానికి అది మామూలుగానే ఉంటుంది. నిలువు స్తంభం, దానికి రెండు మడతల చెయ్యి, చేతి చివర కదురు, కదురు కింద పళ్ళెం, పళ్ళేనికి బిగించిన పాలిష్ రాళ్ళు. మోటార్ నుంచి బెల్టు ద్వారా తిరుగుడు వస్తుంది, కదురు మధ్య బోలు గుండా నీళ్ళు దిగుతాయి. దీన్ని చేయడానికి భారీ కర్మాగారం అక్కర్లేదు. లేత్, వెల్డింగ్ సెట్, డ్రిల్లింగ్ మిషన్ ఉన్న షెడ్డు చాలు. అందుకే గ్రానైట్ పని ఉన్న ప్రతిచోటా ఇలాంటి యంత్రాలు చేసే, బాగుచేసే చిన్న తయారీదార్లు అవసరమవుతారు. వాళ్ళ నేర్పు మూడు చోట్ల తెలుస్తుంది. కదురు వెంట్రుకంత కూడా ఆడకూడదు, ఆడితే స్లాబు మీద ఉంగరాల్లా మచ్చలు పడతాయి. బేరింగు దగ్గర సీలు పక్కాగా ఉండాలి. రాతి బురద ఒక్కసారి లోపలికి పోతే ఆ బేరింగు పని అయిపోయినట్టే, ఎందుకంటే ఆ బురద కూడా ఇనుమును అరగదీసే పొడే. మూడోది చేతి తూకం. తూకం సరిగా లేని యంత్రం మోతబరువంతా పనివాడి భుజం మీద వేస్తుంది, సాయంత్రానికి అతను చెయ్యి ఎత్తలేడు. ఈ మూడూ ఏ కేటలాగులోనూ కనిపించవు. కొనేవాడు ధర చూస్తాడు, నడిపేవాడు తేడా భరిస్తాడు. చిన్న తయారీదారుకు ఉన్న గొప్ప అనుకూలత ఏమిటంటే, నడిపేవాడు ఎదురుగా నిలబడి లోపం చెప్పగలడు. మరుసటి యంత్రంలో అది సరిచేయవచ్చు.

పని చేసే తీరు పాత కుండల లెక్కే. పాలిష్ రాళ్ళకు నంబర్లు ఉంటాయి. జల్లెడలో అంగుళానికి ఎన్ని కన్నులో ఆ నంబరు, కాబట్టి నంబరు పెరిగినకొద్దీ గింజ సన్నబడుతుంది. 60తోనో 120తోనో మొదలై 220, 400, 600, 800 అంటూ పోయి, ఆఖరున బఫ్ వేసి, టిన్ ఆక్సైడ్ వంటి మెరుగుపొడితో ముగిస్తారు. నంబరు దాటించకూడదు. 120 నుంచి నేరుగా 400కి పోతే గంట మిగిలినట్టే అనిపిస్తుంది. తీరా మెరుపు వచ్చాక లోపల నుంచి పాత గీతలు దెయ్యాల్లా లేస్తాయి, మళ్ళీ మొదటికి రావాలి. తడి మీద ఏ గీతా కనిపించదు. అందుకని మంచి పనివాడు ప్రతి నంబరుకూ ఆపి, రబ్బరు చీపురుతో నీళ్ళు లాగి, రాయి ఆరాక వంగి, పైనున్న ట్యూబ్‌లైటు నీడ స్లాబులో ఎలా పడుతోందో ఏటవాలుగా చూస్తాడు. లైటు అంచు చెదరకుండా గీత గీసినట్టు పడితే ఆ నంబరు పూర్తయినట్టు. అంచు నురగలా పొరలు కడితే ఇంకా రుద్దాలి. ఏ మీటరూ లేకుండా ఆ చూపుతోనే స్లాబుకు మార్కు పడుతుంది. ఈ చూపు పుస్తకంలో రాదు. పక్కన నిలబడి, నీళ్ళలో తడిసి నేర్చుకోవాల్సిందే.

ఈ పనికి ప్రాణాల లెక్క కూడా ఉంది, అది చెప్పకుండా మెరుపు గురించి మాట్లాడటం తప్పు. నీళ్ళతో చేసే పాలిష్‌లో ధూళి తక్కువ. అంచులు రుద్దేటప్పుడూ మూలలు కోసేటప్పుడూ చేతి గ్రైండర్‌ను పొడిగా నడుపుతారు. అప్పుడు లేచే సన్నటి సిలికా ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ తెస్తుంది. ఆ జబ్బుకు మందు లేదు, రాకుండా చూసుకోవడమే. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే దాన్ని తప్పక తెలియజేయాల్సిన వృత్తి వ్యాధుల్లో చేర్చారు. చేతి గ్రైండర్‌కు సన్నటి నీటి గొట్టం అమర్చడం చిన్న ఖర్చు. యంత్రం తయారుచేసేవాళ్ళు ఆ గొట్టాన్ని విడిగా అమ్మే సామానులా కాక యంత్రంలో భాగంగానే ఇవ్వాలని నేను గట్టిగా కోరుకుంటాను. ఇక పాలిష్ బురద. ఎండితే అది కూడా ధూళే. పొలాల గట్ల వెంట పోసిన బురద గాలికి లేచి మిరప తోటల మీద పడితే నష్టం రైతుది. ఇటుకల్లో, టైల్స్‌లో దాన్ని కలిపే పద్ధతులు ఉన్నాయి. కావాల్సింది పట్టుదల.

గార్నెట్ ఇప్పుడు కూడా పనిలోనే ఉంది, పాత్ర మారింది. సముద్రపు ఇసుకలో దొరికే గార్నెట్‌ను వేరు చేసి, సన్నటి నీటి ధారలో కలిపి విపరీతమైన ఒత్తిడితో వదిలితే అది ఉక్కునూ గ్రానైట్‌నూ కోస్తుంది. ఒకప్పుడు కురువిందం చేత మెరుగు పెట్టించుకున్న జాతి రాయి ఇప్పుడు తానే రాళ్ళను కోస్తోంది.

భద్రాద్రి కొత్తగూడెం జిల్లా 2016లో ఏర్పడింది. రాముడిని చూడటానికి వచ్చే లక్షల మందిలో కొందరికైనా గరీబ్‌పేట గురించి చెప్పే ఒక బోర్డు, ఒక చిన్న గది చాలు. అందులో ఒక ముడి గార్నెట్, ఒక కురువిందం ముక్క, మూడు కుండల్లో మూడు రకాల పొడి, పక్కనే నడిచే లక్క చక్రం పెట్టాలి. పిల్లలు విల్లు లాగి, నల్లటి రాయి అంచున ఎరుపు తేలడం తమ చేతుల్లో చూడాలి. కట్టడానికి కోట్లు అక్కర్లేదు. లక్క అడవి నుంచి వస్తుంది, కురువిందం పాత ఖమ్మం జిల్లాలోనే ఉంది. ఇరుసూ బేరింగులూ ఏ పాలిష్ మిషన్ల షెడ్డులోనైనా చేసిస్తారు, విల్లుకు వెదురు సరిపోతుంది.